కొండమ్మ గొట్టాల బండి

నాంచారయ్యని చంపినవాళ్ళు పదకొండు మంది. అడవులదీవిలో ఆ పదకొండు పేర్లూ పాలు తాగే పిల్లలకి కూడా కంఠతా వచ్చు. సాక్ష్యానికి రండర్రా అంటే మాత్రం ఊరు ఊరంతా ఆ పొద్దు వేటలోనే ఉందట, ఒడ్డున ఒక్క నరపురుగు లేదట. అదీ మనుషుల సంగతి. పోలీసులు వచ్చారు, కొబ్బరిబొండాలు తాగారు, వెళ్ళారు.

ఇంతకీ అతను చేసిన నేరమేంటయ్యా అంటే, బండి కొనడం. రేవుకీ రోడ్డుకీ మధ్య రెండు మైళ్ళ ఉప్పు పర్ర ఉంది. సగం ఇసక, సగం మోకాటి లోతు బురద. ఆ రెండు మైళ్ళూ చేప దాటాలంటే బ్రహ్మయ్య ఎడ్లబళ్ళ మీదే దాటాలి. ఆయనకి ముప్ఫై బళ్ళు. ఏ గంప ముందెక్కాలో, ఎవరి చేప ఎండకి కుళ్ళాలో ఆయన చెప్పిందే. ఎదురాడినవాడి గంప పురుగు పట్టేదాకా రేవులోనే ఉండేది. నాంచారయ్య తన నావ అమ్మేసి, యుద్ధం నాటి మిలటరీ పికప్పొకటి పాతది కొనుక్కొచ్చి రోడ్డు చివర నిలబెట్టాడు. ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని పర్ర దాటొచ్చి అందులో దింపేవారు. మధ్యాహ్నం రైలు వేళకి రేపల్లె స్టేషన్లో చేప మెరుస్తూ ఉండేది. ఇరవై రోజులు నడిచింది ఆ ముచ్చట.

ఇరవై ఒకటో రోజున బ్రహ్మయ్య, ఆయన మనుషులు పదిమంది కాలవ గట్టు మీద ఎడ్లబండి అడ్డం పెట్టారు. నాంచారయ్య బ్రేకు వేశాడు. మనిషి లోపల ఉండగానే గునపాలతో పికప్పు మీద పడ్డారు. అద్దాలు పగిలాయి, టాపు కుంగింది, తలుపులు లోపలికి నొక్కుకుపోయాయి. ఆ మీదట అందరూ భుజాలు ఆనించి బండినీ మనిషినీ కలిపి కాలవలోకి దొర్లించారు. శవాన్ని తీసినవాళ్ళు అతని పెళ్ళాం కొండమ్మ చేతులు పట్టుకుని, మొదటి దెబ్బకే ప్రాణం పోయిందమ్మా, బాధ తెలీలేదు అని చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె పెద్దకర్మ దాకా నెట్టుకొచ్చింది.

ఇక మిగిలింది మరిది సింగరయ్య. ఇరవై మూడేళ్ళవాడు, పెళ్ళి కాలేదు. నాంచారయ్య పక్కన క్లీనరుగా తిరిగి బండి నడపడం నేర్చుకున్నాడు. అన్న పోయిన మర్నాటి నుంచి వాడు తిండి మానేసి గొడ్డలి నూరుతూ కూచున్నాడు. ఆ చప్పుడు వింటూ కొండమ్మ రాత్రుళ్ళు గుమ్మానికి అడ్డంగా పడుకునేది. ఆమె అత్తవారింటికి వచ్చేనాటికి వాడికి ఆరేళ్ళు. తల్లి లేని పిల్లాడికి ముక్కు తుడిచింది, అన్నం కలిపి పెట్టింది, జ్వరమొస్తే మూడు రాత్రులు ఒళ్ళో పెట్టుకుంది. మొగుడు ఎలాగూ పోయాడు. వీడు ఆ బ్రహ్మయ్యని నరికి ఉరికంబం ఎక్కితే ఇక ఆ ఇంట్లో ఎవరి కోసం పొయ్యి రాజేయాలి? ఎవరు చచ్చినా ఎవరు బతికినా వీడు దక్కాలి. ఆమెకి వేరే కోరిక లేదు.

ఒకనాడు పొద్దున్నే వాడి జుట్టు పట్టుకుని సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. నడుము లోతు నీళ్ళలో నిలబడి, కెరటం మీద చెయ్యి పెట్టి గంగమ్మ మీద ఒట్టేస్తే ఆ ఒట్టు తప్పినవాడిని ఏ నావా ఎక్కించుకోదు. అది వాళ్ళ కట్టు.

"ఆడి మీద నీ చెయ్యి పడదని చెప్పు. చెప్పందే ఒడ్డుకి రానివ్వను," అంది.

రెండు కెరటాలు నెత్తి మీంచి పోయాక వాడు చెప్పాడు. చెప్పి, నీళ్ళలోనే భోరుమన్నాడు.

ఒట్టయితే వేయించింది గానీ ఒంట్లో ఉన్న కోపం ఎక్కడికి పోతుంది? ఏదో ఒక పని మీద అది ఖర్చయిపోవాలని కొండమ్మకి తోచింది. ఊళ్ళోవాళ్ళు వద్దంటున్నా వినకుండా, నావలు లాగే మోకులు కట్టించి కాలవలోంచి పికప్పుని పైకి లాగించింది. ట్రాక్టరు ట్రక్కులో వేయించి, మరిదిని దాని మీద కూచోబెట్టి, తెనాలి తీసుకుపోయింది.

తెనాలిలో సంజీవరావు అని మేస్త్రీ ఉండేవాడు. ఆదివారం చర్చిలో కూచుని కళ్ళు మూసుకునేవాడు, తక్కిన ఆరు రోజులూ కనబడ్డవాడినల్లా తిట్టేవాడు. పని మాత్రం చేతిలో పుట్టిందే. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలికి తొంగి చూసి, సీటు మీద కాలవ నీళ్ళకి కూడా పోని నెత్తురు మరక చూసి, తిట్టబోయినవాడు ఆగాడు.

"అమ్మా, దీనికి పైన అంతా పోయింది. ఇంజనుంది, అడుగున చట్రం ఉంది, నాలుగు చక్రాలూ లాగే ఇరుసులున్నాయి. మళ్ళీ పికప్పు చెయ్యాలంటే నావల్ల కాదండి," అన్నాడు.

నాకు పికప్పు వద్దు, పర్ర దాటే బండి కావాలి, అంది కొండమ్మ. రోడ్డు చివర నిలబడేది కాదు, రేవులో నావ పక్కకి వచ్చేది. ఇసకలో దిగబడకూడదు, బురదలో ఆగకూడదు. సంజీవరావు తల గోక్కున్నాడు. బరువే కదా దిగబడేది, అన్నాడు చివరికి. రేకంతా పీకేసి, చట్రాన్ని వెనక రెండు మూరలు కోసేసి, పైన గొట్టాలతో పంజరం కట్టుకుంటే బండి సగానికి సగం తేలికవుతుంది. వెడల్పాటి టైర్లు వేసి గాలి సగం తీసేస్తే ఇసక మీద పరుచుకుని పోతుంది. అంతా ఒకెత్తు, గొట్టాలు ఒకెత్తు. వాటి సంగతి కూడా ఆయనే చెప్పాడు. బాపట్ల చుట్టుపక్కల ఇసక నేలల్లో రైతులు నీళ్ళకి దింపిన బోర్లలో కొన్నిటికి ఉప్పునీరు తగిలింది. ఆ గొట్టాలు పీకి గట్ల మీద పడేశారు. కొండమ్మ కర్లపాలెం వైపు పొలాల వెంట నాలుగు రోజులు తిరిగి, బతిమాలి, పోట్లాడి, రెండు బళ్ళ గొట్టాలు తోలించింది.

మొదటి పని రేకు ఊడదీయడం. సంజీవరావు సింగరయ్య చేతికి సమ్మెట ఇచ్చి పక్కకి తప్పుకున్నాడు. అబ్బో, ఆ మూడు రోజులూ చూసినవాళ్ళు చెప్పాలి. ఒక్కొక్క దెబ్బకి ఒక్కొక్క పేరు. పదకొండు పేర్లయ్యాక మళ్ళీ మొదటికి. తలుపుల్ని కొట్టాడు, టాపుని కొట్టాడు, పడిపోయిన రేకుని కూడా వదలకుండా నేల మీద చితక్కొట్టాడు. అరచేతులు చిట్లి సమ్మెట కర్ర ఎర్రబడితే గుడ్డ చుట్టుకుని కొట్టాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసి, ఆ మొహం చూసి, తప్పుకుపోయేవాళ్ళు. మూడో రోజు తలుపు మడతలో ఇరుక్కున్న పన్ను దొరికింది. వాడు దాన్ని కడిగి తెచ్చి వదిన చేతిలో పెట్టాడు. కొండమ్మ కొంగున ముడేసుకుని, గంజి తాగరా అంది. వాడు తాగాడు.

ఆ తరవాత గొట్టాలు వంచే పని. గొట్టాన్ని ఊరికే వంచితే వంపు దగ్గర నొక్కుకుపోతుంది. అందుకని లోపల పొడి ఇసక దట్టంగా కూరి, రెండు కొసలకీ కర్ర బిరడాలు బిగించి, బొగ్గుల మీద ఎర్రగా కాల్చి వంచుతారు. కొట్లో ఉన్న ఏటి ఇసక అయిపోయింది. మన ఊళ్ళో కొండలుగా పడుండగా ఇక్కడ ఇసక కొనడమేంటని సింగరయ్య వెళ్ళి రేవు నుంచి నాలుగు బస్తాలు మోసుకొచ్చాడు. మేస్త్రీ చెప్పినట్టే మూకుట్లో వేసి గలగలలాడేదాకా వేయించాడు, చల్లార్చి బస్తాలో పోశాడు. మర్నాడు ఆ ఇసకే కూరి గొట్టాన్ని కొలిమిలో పెట్టాడు. పావుగంటకి ఫిరంగి పేలినట్టు పేలింది. కర్ర బిరడా సింగరయ్య చెవి పక్కనుంచి పోయి పైకప్పు రేకుకి చిల్లు పెట్టింది. ఎర్రటి ఇసక వాడి భుజం మీద పడి తోలు పొరలు పొరలుగా ఊడొచ్చింది. సంజీవరావు నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాడు. సముద్రపు ఇసకలో ఉప్పుంటుందిరా, ఎంత వేయించినా తెల్లారేసరికి గాల్లో చెమ్మ పీల్చుకుని కూచుంటుంది, ఆ చెమ్మ ఆవిరై పేలుతుంది, పైకి పొడిగా కనబడితే పొడి అని నమ్ముతావా అని. సింగరయ్య కాలిన భుజం పట్టుకుని పైకప్పు చిల్లు కేసి చూసి పడీపడీ నవ్వాడు. అన్న పోయాక వాడు నవ్వడం అదే. కొండమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. గండం గడిచింది, నా పిల్లాడు నాకు దక్కాడు అనుకుంది.

నిజంగానే వాడు మారాడు. చల్లారిన గొట్టాన్ని నిమిరి చూసేవాడు. వెల్డింగు నేర్చుకున్నాడు. పేర్లు వల్లించడం మానేశాడు. ఈ బండి బాగుంటే ఇంకోటి కడదాం వదినా, చీరాల దాకా తిప్పుదాం అనేవాడు. నాలుగు నెలలకి బండి తయారైంది. ఏం బండండీ అది! తలుపుల్లేవు, టాపు లేదు, అద్దం లేదు. నాలుగు పెద్ద చక్రాలు, వాటి మధ్య గొట్టాల పంజరం, ముందు నగ్నంగా ఇంజను, వెనక గంపలకి ఇనప వల. సంజీవరావు చక్రాల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి మరీ పంపించాడు.

కార్తీక మాసంలో ఒక ఉదయం బండి రేవులోకి దిగింది. బురద చిమ్ముకుంటూ, ఇసక మీద ఊగుకుంటూ, ఎక్కడా ఆగకుండా నావల పక్కకి వచ్చి నిలబడింది. ఊరంతా చేరింది. గంపలు ఎక్కించే ముందు పూజ చెయ్యాలి కదా. కొండమ్మ విధవరాలు, బొట్టు పెట్టకూడదు. పక్కింటి ఆదిలక్ష్మి పసుపు రాసి, కుంకం పెట్టి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది. అవి తొక్కుకుంటూనే బండి కదలాలి. కొండమ్మ మాత్రం ఎవరేమనుకుంటే నాకేంటని ఎక్కి సింగరయ్య పక్కన కూచుంది. మిలటరీవాళ్ళ కాలం నాటి బండి, స్టీరింగు ఎడమవైపు. ఆమె వాడికి కుడివైపున. ఇంజను చలికి తడబడుతుంటే ఆగిపోకుండా వాడు యాక్సిలరేటరు మీద కాలు ఆనించి, క్లచ్చి నొక్కి, గేరు వేసి, ఆదిలక్ష్మి హారతి ఎప్పుడవుతుందా అని చూస్తున్నాడు.

అప్పుడొచ్చాడు బ్రహ్మయ్య. వెనక కర్రలు పట్టుకుని పాతికమంది. జనం రెండుగా చీలిపోయారు. వీళ్ళే కదా నాలుగు నెలల కిందట వేటలో ఉన్నవాళ్ళు, మళ్ళీ ఎవరి నోరూ లేవలేదు. ఆయన ఒక్క చేత్తో హారతి పళ్ళెం ఎగరగొట్టాడు. తాపీగా బండి ముందుకొచ్చి గొంతుక్కూచున్నాడు. కొండమ్మ వైపు చక్రం కింద నుంచి నిమ్మకాయ తీసి వాసన చూశాడు.

"ఏమే కొండీ, ఈ గొట్టాలు కూడా కాలవలోకేనా?" అన్నాడు.

సింగరయ్య చేతులు స్టీరింగు మీద తెల్లబడ్డాయి. కొండమ్మ వాడి మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. వద్దు, ఒట్టు గుర్తు చేసుకో అని గొణిగింది. వాడు తల ఊపాడు. ఊపిరి గట్టిగా తీసి వదిలి, "దిగిపోదాం వదినా. పోనీ, వేరే ఊళ్ళో నడుపుకుందాం," అన్నాడు. ఎంత కష్టపడి అన్నాడో ఆమెకి తెలుసు.

బ్రహ్మయ్య లేవలేదు. ఇంకో చక్రం కేసి జరగబోతూ, మొహం పైకెత్తి, ఏదో ఊసుపోక చెబుతున్నట్టు చెప్పాడు.

"మీ ఆయన తొందరగా పోలేదే. నీళ్ళు గొంతు దాకా వచ్చినా తలుపు ఊడలా. కొండమ్మా, కొండమ్మా అని పిలిచాడు. గట్టు మీద కూచుని రెండు చుట్టలు కాల్చా, ఇంకా పిలుస్తానే ఉన్నాడు."

కొండమ్మకి ఇక ఏమీ వినబడలేదు. రేవు లేదు, జనం లేరు, పక్కన ప్రాణంగా పెంచుకున్నవాడు కూడా లేడు. నీళ్ళలోంచి తన పేరు పిలుస్తున్న గొంతొకటి ఉంది, ఆ పొద్దు తను ఇంట్లో కూచుని వల అల్లుకుంటూ ఉంది. ఆమె ఎడమకాలు లేచి సింగరయ్య పాదం మీద పడింది. యాక్సిలరేటరుతో సహా అడుక్కంటా తొక్కింది. ఇంజను గావుకేక పెట్టింది. ఉలిక్కిపడి వాడు క్లచ్చి వదిలేశాడు.

బండి ఎగిరి దూకింది. బ్రహ్మయ్య లేవబోతూ సగంలో ఉన్నాడు. ముందు చక్రం ఆయన రొమ్ము మీద ఎక్కింది, ఎముకలు విరిగిన చప్పుడు ఇంజను మోతలోంచి కూడా వినబడింది. సింగరయ్య "వదినా, కాలు తియ్యి" అని అరుస్తున్నాడు. ఆమె తీయలేదు. వెనక చక్రం మెడ మీంచి పోయింది. ఇసకలో దిగబడని బండి కదా, ఎక్కడా ఆగలేదు. యాభై గజాలు పోయాక వాడు ఆమె కాలిని రెండు చేతులతో పెరికి పక్కకి తోసి బ్రేకు వేశాడు.

వెనక రేవంతా ఒక్కసారి లేచింది. ఇన్నాళ్ళూ నోరు కుట్టుకున్నవాళ్ళు తెడ్లు తీశారు. బ్రహ్మయ్య మనుషుల్ని నీళ్ళలోకి తరిమి తరిమి కొట్టారు. ఇద్దరు మునిగి చచ్చారు, ఒకడికి కన్ను పోయింది. చచ్చినవాడి బళ్ళు తగలబెట్టారు. ఈ ఏడుపేదో అప్పుడే ఏడ్చి ఉంటే నాంచారయ్య బతికేవాడు. అప్పుడు లేని రోషం వీళ్ళకి ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందో గంగమ్మకే తెలియాలి.

సాయంత్రానికి పోలీసులొచ్చి సింగరయ్యకి బేడీలు వేశారు. వాళ్ళు అడగకముందే వాడు ఒప్పుకున్నాడు. అన్న చావుకి పగ తీర్చుకున్నాననీ, వదిన ఆపుతున్నా వినలేదనీ చెప్పాడు. కొండమ్మ నడుచుకుంటూ వెనకే స్టేషనుకి వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు బల్ల ముందు నిలబడి, చంపింది నేను, తొక్కిన కాలు నాది, వాణ్ణి వదిలెయ్యండి అంది. ఆయన కాసేపు ఓపికగానే విన్నాడు.

"స్టీరింగు ఎవరి చేతిలో ఉందమ్మా?"

"వాడి చేతిలోనండి. కాలు నాదండి."

"నీకు బండి నడపడం వచ్చా?"

"రాదండి. తొక్కడానికి రావాలాండి?"

ఆయన నవ్వి రైటరు కేసి చూశాడు. వదినా మరుదుల ప్రేమ ముచ్చటగా ఉంది గానీ, ఆడదానివి ఇలాంటివి నెత్తి మీద వేసుకోకు, ఇంటికి పో అన్నాడు. ఊరి నుంచి వచ్చిన సాక్షులు నలభై మంది బయట కూచున్నారు. ఈసారి వేటలో ఎవరూ లేరు. అందరూ కళ్ళారా చూశారు. సింగరయ్యే తొక్కించాడు, పులిలాంటి కుర్రాడు, వాళ్ళమ్మ పాలే పాలు అని గర్వంగా రాయించారు. కొండమ్మ చీర పైకెత్తి, ఎడమ పాదం బల్ల మీద పెట్టి, ఇదిగో ఈ కాలు, చూడండి, వాడు గోళ్ళతో పెరికిన గాట్లు చూడండి అని అరిచింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు రెక్కలు పట్టుకుని బయటికి ఈడ్చారు. ఊచల వెనక నుంచి సింగరయ్య ఆమెకేసి చూసి, ఊరుకో వదినా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. చెయ్యి పడదని వేసిన ఒట్టు వాడు తప్పలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే, అందులో ఒకరి మాట ఎవరూ నమ్మరు, రెండోవాడు చెప్పడు.

కొండమ్మ స్టేషను మెట్ల మీద కూలబడింది. ఆదిలక్ష్మి వచ్చి పక్కన కూచుని, వీపు నిమిరింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

"మరిది కోసం ఎంత అబద్ధమాడావే తల్లీ. నీలాంటి మంచిది మన పల్లెలో పుట్టదు," అంది.

కొండమ్మ ఆమె చెంప మీద ఈడ్చి ఒక్కటి కొట్టింది.